పదకొండు పోగులు

పొద్దున్నే మగ్గం కాడికి పోతే
పడుగులో ఎడమ అంచున పదకొండు పోగులు లేవు.
కత్తెరతో గూడా అంత నున్నగా కోయలేను నేను,
ముప్పై ఏండ్ల చెయ్యి నాది.

గుంటలోంచి రెండు చెవులు లేచినాయి.

ఇందుమతి తాడిపత్రి సంతలో
దాచుకున్న చిల్లరంతా పోసి కొనుక్కొచ్చిన కుందేలు.
చెవుల అంచు పచ్చగా మెరుస్తాదని
జరీ అని పేరు పెట్టింది.
యాడికిలో జరీని తూకం మీద కొంటాం మేము.
ఇది వచ్చిన దినం సోలలో పట్టేది,
ఇప్పుడు ఇల్లంతా కావాలంటాది.

మొదట చార్జరు వైరు.
తర్వాత ఫ్యాను వైరు. ఆ పొద్దు కరెంటు లేదు కాబట్టి బతికింది,
మా ఊరి కరెంటు కోత
ఒక్క ప్రాణానికన్నా పనికొచ్చింది.
చాప అంచు, గోడ సున్నం, తలుపు కింది మూల.
నా చెప్పుల్లో ఎడమది మాత్రమే,
కుడిది ఎందుకు నచ్చలేదో ఇప్పటికీ తెలీదు.

కొట్టినాను. దాచేదేముంది,
చీపురు తిరగేసి ఒక్కటి.
అది గుంట మూలకు పోయి
వెనక కాలితో నేలను దబ్బున కొట్టింది.
రాత్రి వచ్చి నా దుప్పటి మీదే ఉచ్చ పోసింది.
లెక్క సరిపోయింది.

"కూరొండుకో మామా, మసాలా నేనిస్తా"
అన్నాడు పక్కింటి ఓబుళేసు.
వాడన్న మాటకు నేను నవ్వినానని
ఇందు రెండు దినాలు నాతో మాట్లాడలే.

పశువులాస్పత్రి మస్తాన్ సారు
దాని పై పెదవి ఎత్తి చూపించినాడు.
"ఈ పళ్ళు సచ్చేదాకా పెరుగుతానే ఉంటాయన్నా.
అరగదీసుకోకుంటే నోరే మూసకపోతాది.
కొరికేదానికి నువ్వేమిచ్చినావు?"
వడ్డీ గుర్తొచ్చింది నాకు, పైకి అనలేదు.
"మరి గుంటలో తవ్వేది?"
"బొరియలో పుట్టే జాతి.
నీ ఇల్లంతా ఎదికి ఎదికి
అదొక్కటే ఇల్లనుకునింది."

నా గుంటను ఇల్లన్నోళ్ళు
అంతవరకూ ఎవరూ లేరు.

చీనీ తోటలో పారేసిన డ్రిప్పు పైపు తెచ్చి
నిలువునా చీల్చి వైర్లకు తొడిగినా.
పట్టుపురుగుల షెడ్డు కాడ
ఆకు దూసేసిన మల్బరీ కట్టెలు, మోపు పది రూపాయలు.
ఆకు పురుగుకు, దారం నాకు, పుల్ల దీనికి.
మూత పోయిన ట్రంకు పెట్టెలో ఎర్రమన్ను పోసి
"తవ్వుకో తల్లీ, బోరు ఎయ్యి" అన్నా.
మూడు దినాలు దానివైపు చూళ్ళేదు.
నాలుగోనాడు నా పాత లుంగీ ముక్క అందులో పూడ్చినా,
దాన్ని బయటికి తీసేదాకా వదల్లేదు.

ఆపరేషను చేయిస్తే సగం కోపం తగ్గుతాదంట.
అనంతపురం పోవల్ల.
చీర దిగనీ, చూద్దాం.

పదకొండు పోగులూ అతికినా,
బూడిద అద్ది, పురి తిప్పి,
కండ్లద్దాలు రెండుసార్లు తుడుచుకోని.
సావుకారు చీర ఎండకు పట్టి చూసి
ఏమీ కనుక్కోలేకపోయినాడు.
నేనూ ఏమీ చెప్పలే.

ఇప్పుడు సాయంత్రం రెండు గంటలు
మగ్గం ఆపి, పడుగు మీద దుప్పటి కప్పి
దాన్ని ఇంట్లో వదుల్తాం.
తగని దాన్ని ముట్టుకుంటే ఒక్క చప్పట, అంతే,
చీపురు అటక మీదుంది.
మధ్యాన్నాలు నేను నేస్తా ఉంటే
గుంటలో నా మడమ మీద గడ్డం ఆనించి పండుకుంటాది.
తొక్కుడు చెక్క ఆగితే మటుకు
దబ్బున ఒకటి తంతాది,
సావుకారి కంటే కష్టం దీంతో.

బాగుపడిందా అంటే, ఏమో.
నిన్న కరెంటు బిల్లు తినింది.
మొత్తం గాదు,
కట్టాల్సిన తేదీ ఉండే మూల.